అరవై ముక్కలు, అరవై డాలర్లు

శనివారం మధ్యాహ్నం. కార్డుల షాపులో మడత టేబుల్ ముందు కూర్చుని వరసగా మూడో ఆట ఓడిపోయారు. ఎదుటి కుర్రాడు డెక్కు సర్దుకుంటున్నాడు. అందులో ఒక చారిజార్డ్ కార్డు: అంచు నుంచి అంచు దాకా బొమ్మే, ట్యూబులైటు కింద కాస్త కదిలిస్తే రంగులు పాకుతున్నాయి. మీ చారిజార్డ్ మామూలుది. కారు తాళం తీస్తూ మీరు అనుకునే మాట నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే అనుకున్నాను. "డబ్బు పోస్తే నేనూ గెలుస్తాను."

నిజంగానా? ఆ మెరిసే కార్డునీ మీ కార్డునీ పక్కపక్కన పెట్టి చదవండి. అదే 330 హెచ్‌పీ, అదే ఎబిలిటీ, అదే దాడి. ధరలో తేడా పదుల డాలర్లు. ఆటలో తేడా ఏమీ లేదు.

ఈ అధ్యాయం పోకెమాన్ కార్డుల ఆట గురించి. మ్యాజిక్, యూగియో ఆడేవాళ్లకి కూడా చాలావరకు పనికొస్తుంది గానీ, నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే కాబట్టి ఇక్కడి సంగతులే చెబుతాను.

మొదటి టోర్నమెంటుకి ముందు నేను 36 ప్యాకెట్ల పెట్టె ఒకటి కొన్నాను. ఆ రాత్రి డైనింగ్ టేబుల్ మీద అన్నీ చింపేశాను. ప్యాకెట్‌కి పది చొప్పున 360 కార్డులు. మా ఆవిడ ఆ గుట్టని చూసి ఒకటే అడిగింది. "ఇన్నింట్లో మీకు కావలసినవి ఎన్నండీ?" లెక్కపెట్టాను. పదకొండు. ఆ పదకొండుకి దొరికినవేవో అతికించి వెళ్లి, ఐదు రౌండ్లూ సమర్పించుకుని వచ్చాను.

ఇప్పుడు ఇంకో సంగతి. 2024 ఆగస్టులో హొనొలులులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. పెద్దల విభాగంలో గెలిచినవాడు చిలీ దేశపు కుర్రాడు ఫెర్నాండో సిఫుయెంటెస్. మొదటి బహుమతి 50,000 డాలర్లు. అతని డెక్కులో ప్రధానమైన కార్డు ఐరన్ థార్న్స్ ఈఎక్స్. అప్పట్లో దాని మామూలు ముద్రణ ఒక కాఫీ ధరలోపే వచ్చేది. పరిణామాలు లేవు, వరసలు కట్టే పని లేదు, నేరుగా బల్ల మీద పెట్టుకునే బేసిక్ కార్డు. అది ముందు వరసలో నిలబడి ఉన్నంతసేపూ, ఈఎక్స్ లాంటి పెద్ద పోకెమాన్‌ల ఎబిలిటీలు పనిచేయవు. ఆ ఏడాది హాల్లో ఉన్న డెక్కుల్లో చాలావరకు ఆ ఎబిలిటీల మీద బతికేవే. అంటే అతను చూసింది కార్డుల ధర కాదు, హాల్లో ఎవరు ఏం ఆడబోతున్నారన్నది.

మరి 60 డాలర్లలో, అంటే దాదాపు ఐదారు వేల రూపాయల్లో, పోటీకి నిలబడే డెక్కు కట్టగలమా? కట్టగలం. కాకపోతే కొన్ని అలవాట్లు మానుకోవాలి.

1. ప్యాకెట్ సరదా వేరు, డెక్కు వేరు

2023లో వచ్చిన అబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్టే తీసుకోండి. రహస్య కార్డులతో కలిపి 230 రకాలు. మీ డెక్కుకి అందులోంచి మూడో నాలుగో రకాలు కావాలి, అదీ రెండేసి మూడేసి చొప్పున. గుడ్డిగా ప్యాకెట్లు చింపుతూ పోతే అవి ఎప్పుడు పడతాయి? పేకలో జోకర్ కోసం ఎదురుచూస్తూ కౌంటు మోసేవాడి సంగతి మీకు తెలిసిందేగా.

కావలసిన కార్డుని విడిగా కొనండి. ఆటగాళ్లు వీటిని సింగిల్స్ అంటారు. ఒకే కార్డు నాలుగైదు ముద్రణల్లో ఉంటే అన్నిటికంటే చవకది తీసుకోండి. ప్యాకెట్ చింపే సరదా నాకూ ఉంది, కాదనను. దాన్ని దీపావళి టపాసుల ఖాతాలో రాసుకోండి, డెక్కు ఖాతాలో వద్దు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. పేరు చూసి కొనేస్తారు. చారిజార్డ్ ఈఎక్స్ అన్న పేరుతో ఒకటి అబ్సిడియన్ ఫ్లేమ్స్‌లో ఉంది, ఇంకొకటి అదే ఏడాది వచ్చిన 151 సెట్టులో ఉంది. రెండింటికీ హెచ్‌పీ 330. కానీ మొదటిది చీకటి రకం: బల్ల మీదకి దిగగానే డెక్కులోంచి మూడు ఫైర్ ఎనర్జీలు తెచ్చుకుంటుంది, ఎదుటివాడు ప్రైజులు (వీటి సంగతి నాలుగో భాగంలో) తీసుకునే కొద్దీ దాని దెబ్బ పెరుగుతుంది. రెండోది నిప్పు రకం: 330 దెబ్బ కొడుతుంది గానీ కొట్టిన ప్రతిసారీ మూడు ఎనర్జీలు వదులుకోవాలి. టోర్నమెంట్లు గెలిచింది మొదటిది. సంతలో ధర పలికే బొమ్మలు రెండింటిలోనూ ఉన్నాయి. కొనేముందు సెట్టు గుర్తు, కింద మూలనున్న నంబరు, కార్డు మీది వాక్యం, మూడూ చూడండి.

2. సగం డబ్బు రెడీమేడ్ డెక్కుకి

లీగ్ బ్యాటిల్ డెక్కు అని పెట్టెలు వస్తాయి. ముప్పై డాలర్ల చుట్టుపక్కల ఉంటాయి. 2024లో చారిజార్డ్ ఈఎక్స్‌తో ఒకటి వచ్చింది. అరవై కార్డులూ ఒకదానికొకటి పొసిగేలా కూర్చి ఇస్తారు. అంతకంటే ముఖ్యంగా, ఏ డెక్కుకైనా అవసరమయ్యే ట్రెయినర్ కార్డులు వాటిలో ఉంటాయి. రేపు చారిజార్డ్ మానేసి ఇంకోటి ఆడాలనిపించినా ఆ ట్రెయినర్లు మీతోనే వస్తాయి.

జాగ్రత్త: అల్మరాలో దాని పక్కనే ఇంకా చవకగా, దాదాపు అదే పేరుతో, పిల్లలకి ఆట నేర్పడానికి చేసిన బ్యాటిల్ డెక్కులు కూడా ఉంటాయి. పెట్టె మీద "లీగ్" అన్న మాట లేకపోతే అది పోటీ డెక్కు కాదు. నేర్చుకోవడానికి మంచిదే, శనివారం టోర్నమెంటుకి కాదు.

మిగతా ముప్పైలో ఇరవై దాకా సింగిల్స్‌కి. మిగిలింది కార్డులకి తొడిగే స్లీవులకీ మొదటి ఎంట్రీ ఫీజుకీ.

3. ముఖాలు తగ్గించండి, ఎముకలు పెంచండి

ఈ అధ్యాయంలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ఐదు ఓటముల తరవాతి వారం స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్లాం. వాళ్లబ్బాయికి పన్నెండేళ్లు, రెండేళ్లుగా లీగులో ఆడుతున్నాడు. నా డెక్కు అడిగి తీసుకుని కార్పెట్ మీద పరిచాడు.

"అంకుల్, ఇందులో పోకెమాన్‌లు ఎన్ని?"

"ఇరవై ఆరు."

"కార్డులు తీసుకోవడానికి వాడేవి ఎన్ని?"

"ఐదు."

వాడు నవ్వలేదు, అదొక్కటే ఊరట. ఒక్కో పోకెమాన్ కార్డు మీద వేలు పెట్టి, "ఇదేం చేస్తుంది?" అని అడుగుతూ పోయాడు. నేను జవాబు చెప్పలేని కార్డునల్లా తిరగేసి పక్కన పెట్టాడు. పది నిమిషాల్లో పదకొండు కార్డులు బోర్లా పడ్డాయి. వాటిలో సగం, నేను డబ్బు పెట్టి కొన్నాను కాబట్టి డెక్కులో ఉన్నవే.

గెలిచే డెక్కుల్లో లెక్క ఇంచుమించు ఇలా ఉంటుంది: పోకెమాన్‌లు పదిహేను నుంచి ఇరవై, ఎనర్జీ ఎనిమిది నుంచి పన్నెండు, మిగిలిన ముప్పై పైచిలుకూ ట్రెయినర్లే. ట్రెయినర్లు డెక్కుకి ఎముకలు. చేతిలో ఉన్నవి పారేసి ఏడు కొత్తవి ఇచ్చే ప్రొఫెసర్స్ రీసెర్చ్, రెండు కార్డులు వదులుకుంటే ఏ పోకెమాన్‌నైనా వెతికి తెచ్చే అల్ట్రా బాల్, వెనక దాక్కున్నవాణ్ణి ముందుకి లాగే బాసెస్ ఆర్డర్స్, మధ్య మెట్టు దాటించే రేర్ క్యాండీ. ఇవి మళ్లీమళ్లీ అచ్చవుతాయి కాబట్టి చవక. ఎప్పుడో ఒకప్పుడు వీటి స్థానంలో వేరే పేర్లు వస్తాయి. పనులు మాత్రం ఇవే ఉంటాయి: తీసుకోవడం, వెతకడం, లాగడం, మెట్టు దాటించడం.

ఎన్నేసి పెట్టుకోవాలి? బేసిక్ ఎనర్జీ తప్ప ఏ పేరుతోనైనా నాలుగు మించకూడదు. మొదట చేతికొచ్చేవి ఏడు. ఒక కార్డు డెక్కులో ఒక్కటే ఉంటే అది ఆ ఏడింటిలో పడే అవకాశం నూటికి 12. రెండుంటే 22. మూడుంటే 32. నాలుగుంటే దాదాపు 40. ఆట మొదలవగానే కావలసిన ముక్క నాలుగు, ఆట చివర్లో ఒక్కసారి కావలసింది ఒకటి. "ఇదీ ఉంటే బాగుంటుంది, అదీ ఉంటే బాగుంటుంది" అని ఒక్కొక్కటి చొప్పున ఇరవై రకాలు పెట్టుకున్న డెక్కు పెళ్లి భోజనంలా ఉంటుంది గానీ ఆకలేసిన నిమిషానికి అన్నం రాదు.

ఇంకో లెక్క. మొదటి ఏడింటిలో బేసిక్ పోకెమాన్ ఒక్కటీ లేకపోతే చేయి చూపించి, కలిపి, మళ్లీ తీసుకోవాలి. అలా చేసిన ప్రతిసారీ ఎదుటివాడు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. డెక్కులో ఎనిమిది బేసిక్‌లే ఉంటే నూటికి దాదాపు 35 సార్లు ఈ గతి పడుతుంది. పన్నెండుంటే 19. నేను మొదటి టోర్నమెంటులో "ముక్క పడలేదు" అని దేవుణ్ణి తిట్టుకున్న ఆటల్లో ముక్క పడకుండా చేసుకున్నది నేనే. ఇరవై ఆరు పోకెమాన్‌లలో బేసిక్‌లు తొమ్మిదే, మిగతావన్నీ వాటి మీద ఎక్కాల్సినవి. తొమ్మిదిమంది మోస్తుంటే పదిహేడుమంది పల్లకీలో!

4. ఒక్క ప్రైజు పోకెమాన్‌లని చిన్నచూపు చూడకండి

ఆట గెలవాలంటే, మొదట్లో మీ డెక్కులోంచి బోర్లా పక్కన పెట్టిన ఆరు ప్రైజు కార్డులూ తీసుకోవాలి. ఈఎక్స్ పోకెమాన్ పడిపోతే ఎదుటివాడికి రెండు ప్రైజులు. మామూలుది పడిపోతే ఒకటే. అంటే మీ వైపు అన్నీ మామూలువే ఉంటే ఎదుటివాడు ఆరుగురిని కొట్టాలి, మీరు అతని ఈఎక్స్‌లని ముగ్గురిని కొడితే చాలు. పైగా ఈ మామూలు కార్డులు ప్యాకెట్లలో కుప్పలుగా వచ్చేవి, పావలా అర్ధ డాలరు కార్డులు.

2014లో ఫాంటమ్ ఫోర్సెస్ సెట్టుతో వచ్చిన నైట్ మార్చ్ డెక్కు దీనికి పాతకాలపు ఉదాహరణ. జోల్టిక్, పంప్కబూ, లాంపెంట్: మూడూ చిల్లర కార్డులే. చెత్తబుట్టలో, అంటే డిస్కార్డు గుట్టలో, ఆ కుటుంబం వాళ్లు ఎంతమంది పడి ఉంటే అన్ని ఇరవైలు దెబ్బ. 30 హెచ్‌పీ ఉన్న జోల్టిక్ పురుగు పెద్దపెద్ద ఈఎక్స్‌లని ఒక్క దెబ్బకి పడగొట్టేది.

కాని ఆ కథలో సగమే చెబితే మోసం చేసినట్టు. ఆ డెక్కు వేగంగా తిరగాలంటే, 2015లో వచ్చిన షేమిన్ ఈఎక్స్ కావాల్సి వచ్చేది. దిగగానే చేతిలో ఆరు కార్డులయ్యేదాకా తీసుకోనిచ్చే కార్డు. అప్పట్లో దానికి పదుల డాలర్లు పలికింది. కొట్టేవాళ్లు చవక, బండి నడిపే ఇంజను ఖరీదు. "బడ్జెట్ డెక్కు" అని ఎవరైనా చూపిస్తే ముందు వెతకాల్సింది అదే: ఇంజను ఎంత? అది లేకుండా ఈ డెక్కు నడుస్తుందా, లేక ఊరికే కట్టి ఉంటుందా? ఒక్క ఖరీదైన కార్డు మీద డబ్బు పెట్టాల్సి వస్తే కొట్టే కార్డు మీద కాక, ఏ డెక్కులోకైనా మారగల ఇంజను మీద పెట్టండి.

5. మూలనున్న అక్షరం

కార్డు కింద ఎడమ మూలలో చిన్న గడిలో ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. స్టాండర్డ్ పోటీలో ఏది చెల్లుతుందో చెప్పేది అదే. కొన్నేళ్లుగా వసంతంలో ఒక అక్షరం వెళ్లిపోతోంది. 2024లో "ఈ" వెళ్లింది, 2025 ఏప్రిల్‌లో "ఎఫ్" వెళ్లింది. దీన్ని రొటేషన్ అంటారు. వెళ్లిపోయే అక్షరమేదో నెలల ముందే చెబుతారు. అయినా జనవరిలో ఆ అక్షరం మీద నలభై డాలర్లు పోసి, ఏప్రిల్‌లో నెత్తిన చెయ్యి పెట్టుకునేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. ఎవరైనా "బాగా తగ్గించి ఇస్తున్నా తీసుకో" అంటే, ఎందుకు తగ్గిందో మూలన చూడండి.

కొత్త సెట్టు వచ్చిన వారం కూడా కొనకండి. ఆ వారం అందరికీ ఆత్రం. మూడు వారాలు ఆగితే ప్యాకెట్లు చింపినవాళ్లందరూ అమ్మకానికి పెడతారు.

పాత అట్టపెట్టెలో చిన్ననాటి కార్డులున్నాయా? పారేయకండి. బేసిక్ ఎనర్జీలు ఎప్పటివైనా చెల్లుతాయి. స్విచ్ లాంటి కార్డు ఇప్పటి సెట్టులోనూ అదే వాక్యంతో అచ్చయి ఉంటే పాతది కూడా చెల్లుతుంది. వాక్యం మారిన కార్డులు కొన్ని ఉన్నాయి, అనుమానం వస్తే ఆట మొదలుకాక ముందే జడ్జిని అడగండి.

6. చవక అనిపించే నాలుగు బేరాలు

వేసవిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు మా మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని స్టేషనరీ షాపుకి లాక్కెళ్లాడు. "మామయ్యా, బంగారం కార్డులు!" అట్టపెట్టెలో 55 కార్డులు, అన్నీ పసుపు రేకులా మెరుస్తున్నాయి, అన్నీ పెద్ద పోకెమాన్‌లే. వాడి సంబరం చూసి కొన్నాను. కాని అవి నకిలీవి, ఏ పోటీలోనూ చెల్లవు. అసలు కార్డు మధ్యలో పలుచని నల్లని పొర ఉంటుంది. మొబైల్ టార్చి వెనక పెడితే నకిలీ కార్డులోంచి వెలుతురు ఎక్కువగా వస్తుంది. వెనక నీలం రంగు వెలిసిపోయినట్టుండటం, అక్షరాలు లావుగా ఉండటం ఇంకో గుర్తు. వాడితో ఆ మాట వెంటనే అనలేదు. ముందు ఆ కార్డులతోనే నియమాలు నేర్పాను. నేర్చుకోవడానికి ఏ ముక్కయితేనేం.

రెండోది వరల్డ్ ఛాంపియన్‌షిప్ డెక్కులు. ప్రపంచ పోటీలో ఆడినవాళ్ల డెక్కు మొత్తం అరవై కార్డులూ చవకగా పెట్టెలో వస్తాయి. ఇవి నకిలీ కాదు, కంపెనీవే. అయితే వీటి వెనక డిజైను వేరు, టోర్నమెంటులో చెల్లవు. ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరూ సాధన చేయడానికి ఇంతకంటే మంచి బేరం లేదు. పోటీ రోజు జడ్జి ముందు తీస్తే పరువు పోతుంది.

మూడోది జపనీస్ కార్డులు. అచ్చు బాగుంటుంది, చాలాసార్లు ధర తక్కువ. అమెరికాలో పోటీల్లో ఒప్పుకోరు.

నాలుగోది వంగిన మెరుపు కార్డులు. ఫాయిలు ఉన్న కార్డు తేమకి ధనుస్సులా వంగుతుంది, ఆషాఢంలో విశాఖలో అప్పడాలు మెత్తబడినంత ఖాయంగా. డెక్కులో మిగతావన్నీ చదునుగా ఉండి చారిజార్డ్‌లు మాత్రమే వంగి ఉంటే, కలిపేటప్పుడు అవెక్కడున్నాయో వేలికి తెలిసిపోతుంది. మీకు మోసం చేసే ఉద్దేశం లేకపోయినా గుర్తు ఉన్న కార్డుల కింద జరిమానా పడుతుంది. మెరవని చవక ముద్రణకి ఈ బెడద లేదు. స్లీవులు కూడా అంతే. అరవైకీ ఒకే రకం, ఒకే వయసువి వాడండి. పాతవాటిలో కొత్తవి నాలుగు కలిపినా తేడా కనిపిస్తుంది. డెక్కు మొత్తంలో డబ్బుకి వెనకాడకూడని చోటు ఏదైనా ఉంటే ఇదే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఆడాలనుకునేవాళ్లకి ఒక మాట. విదేశం నుంచి ఒక్క కార్డు తెప్పిస్తే కార్డు కంటే కొరియర్ ఎక్కువవుతుంది. నలుగురైదుగురు కలిసి ఒకే ఆర్డరు పెట్టండి. కార్డులు మార్చుకునేటప్పుడు ఇద్దరూ ధర చూసుకుని మార్చుకోండి. స్నేహాలు చెడేది ఓటమి దగ్గర కాదు, మార్పిడి దగ్గర.

7. కొనకముందే వంద ఆటలు

పోకెమాన్ టీసీజీ లైవ్ అని ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఉచితంగా ఆడే ఆట ఉంది. 2023 జూన్‌లో పూర్తిగా విడుదలైంది. చేరగానే కొన్ని డెక్కులు ఇస్తారు. ఆడుతూ పోతే వచ్చే క్రెడిట్లతో కావలసిన కార్డులు తయారు చేసుకోవచ్చు. కొనాలనుకున్న డెక్కుని ముందు అక్కడ కట్టి ఆడండి. పాతిక ఆటల తరవాత విసుగు పుడితే? మంచిదేగా, అరవై డాలర్లు మిగిలాయి.

ఫోన్ ఇష్టం లేదా? కాగితం ముక్క మీద కార్డు పేరు, పని రాసి, స్లీవులో ఒక ఎనర్జీ కార్డు ముందు దూర్చండి. ఇంట్లో ఆడుకోవడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. పోటీలో మాత్రం ఇది కుదరదు.

పెద్ద టోర్నమెంట్లలో గెలిచిన డెక్కుల జాబితాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఏ డెక్కునీ సొంతంగా కనిపెట్టాలన్న పట్టుదల మొదటి ఏడాదికి వద్దు. ఒక జాబితాని ఉన్నదున్నట్టు ఇరవై ఆటలు ఆడాక, అందులో ఏ కార్డు ఎందుకుందో అర్థమవుతుంది. ఆ తరవాత మార్చండి. ఖరీదైన కార్డు లేకపోతే దాని పని చేసే చవకది పెట్టండి. ఆ పనే చేయాలి సుమా, బొమ్మ దగ్గరగా ఉంటే చాలదు.

8. బల్ల దగ్గర డబ్బు అక్కర్లేని పనులు

కార్పెట్ మీద నా డెక్కు విప్పిన కుర్రాడు పోటీలో ఎలా ఆడతాడో ఒకరోజు వెనక నిలబడి చూశాను. మొదటిసారి అల్ట్రా బాల్ వేసి డెక్కు చేతిలోకి తీసుకున్నాడు. పోకెమాన్ వెతకలేదు. కార్డులన్నీ విసనకర్రలా విప్పి, ఎడమనుంచి కుడికి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. రేర్ క్యాండీ నాలుగుండాలి, మూడున్నాయి. బాసెస్ ఆర్డర్స్ రెండుండాలి, రెండున్నాయి. చారిజార్డ్ మూడుండాలి, రెండున్నాయి. అర నిమిషంలో తన ఆరు ప్రైజుల్లో ఏ కార్డులు ఇరుక్కున్నాయో వాడికి తెలిసిపోయింది. అప్పుడు వెతుక్కోవలసింది వెతుక్కున్నాడు. డెక్కులో ఒక్కటే ఉన్న కార్డు పదింట ఒక ఆటలో ప్రైజుల్లో ఇరుక్కుంటుంది. ఆ సంగతి రెండో వంతులో తెలిసినవాడికీ ఏడో వంతులో తెలిసినవాడికీ ఒకే డెక్కు ఉన్నా ఆట ఒకటి కాదు.

దీనికి ఎంత ఖర్చయింది? ఇంట్లో రోజూ పది నిమిషాలు. డెక్కు కలపండి, ఆరు కార్డులు పక్కన పెట్టండి, మిగతావి ఒకసారి చూసి ఆ ఆరూ ఏమిటో చెప్పండి. మొదటి వారం నాకు రెండు కూడా తగల్లేదు.

ఇంకోటి సమయం. రెండు ఆటలు గెలవాల్సిన మ్యాచికి సాధారణంగా 50 నిమిషాలిస్తారు. ఆలోచిస్తూ కూర్చుంటే గెలవాల్సింది డ్రా అవుతుంది. కొత్తలో తక్కువ మెట్లున్న డెక్కు ఎంచుకోమనేది అందుకే.

9. నోట్‌బుక్

ఓడిన ప్రతి ఆట తరవాత ఒక్క వాక్యం రాయండి. ఎందుకు ఓడాను? "దరిద్రం" అని రాయకూడదు, అదొక్కటే నియమం. ఒకే కార్డు లేని లోటు మూడుసార్లు కనబడితే అప్పుడు ఆ కార్డు కొనండి. ఒక్కసారి కనబడితే కొనకండి.

నా నోట్‌బుక్‌లో మొదటి ఆరు నెలల పేజీలు మొన్న తిరగేశాను. కార్డు లేక ఓడిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎనర్జీ పెట్టడం మరిచిపోయాను, వెనక్కి పంపాల్సినవాణ్ణి ముందే ఉంచాను, ఎదుటివాడి ప్రైజులు లెక్కపెట్టలేదు, ఇలాంటివే పేజీల నిండా. ఒకచోట మాత్రం "ఆకలి" అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. ఐదో రౌండు, మధ్యాహ్నం మూడు గంటలు, ఉదయం తిన్న రెండు ఇడ్లీలు. ఆ మరుసటి వారం నుంచి డెక్కు పెట్టె పక్కన పులిహోర డబ్బా ఒకటి సంచీలో ఉంటోంది. చేతులు తుడుచుకోవడానికి గుడ్డ కూడా. స్లీవుల మీద నూనె మరక పడితే అదీ గుర్తు ఉన్న కార్డు కిందికే వస్తుంది.